ఏడాదిగా అడుగులే వేయిస్తున్నారని టీచర్‌ను మార్చకండి

మీ ప్రశ్న చదివాను. పాపకు ఏడేళ్ళు. కూచిపూడిలో చేర్చి ఏడాది కావస్తున్నా ఇంకా అడుగుల దగ్గరే ఉంది. మీ అపార్ట్‌మెంట్‌లోనే వేరే క్లాసుకు వెళ్ళే పాప అప్పుడే రెండు పాటలు నేర్చుకుని వినాయక చవితి మండపంలో చేసేసింది. పైగా మీ టీచర్ "పాపకు లయ ఇంకా కుదరలేదు" అన్నారు. లయ పుట్టుకతో రావాల్సిందేనా, టీచర్‌ను మార్చాలా అని అడిగారు.

మార్చకండి. ఇక పుట్టుక సంగతంటారా, నడక వచ్చిన ప్రతి పిల్లలోనూ లయ ఉంటుంది. ఈ మాట నేను ఎవరి ముందైనా గట్టిగా చెప్తాను. ఎందుకు చెప్తానో ఒక పాప సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంటి పై గదిలో శని, ఆదివారాలు చిన్నపిల్లలకు కూచిపూడి చెబుతుంటాను. ఒకసారి తొమ్మిదేళ్ళ పాపను తీసుకొచ్చారు. అంతకుముందు ఇంకోచోట నేర్చుకుంది, నాలుగైదు పాటలు వచ్చు. నవ్వు ముఖం, కళ్ళు చక్కగా తిప్పుతుంది, హస్తాలు, అంటే చేతి ముద్రలు, శుభ్రంగా పడతాయి. వాళ్ళమ్మ ఫోన్‌లో వీడియోలు చూపించింది. అన్నీ చూసి, "పాట లేకుండా మొదటి అడుగు మూడు కాలాల్లో వెయ్యమ్మా" అన్నాను. కాలం అంటే వేగం, ఒక్కో కాలానికీ రెట్టింపవుతుంది. పలక మీద కర్రతో తాళం కొడుతుంటే మొదటి కాలం బాగానే వేసింది. రెండో కాలంలో ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, అయ్యాక చెప్పకుండా కర్ర ఆపేశాను. పాప పాదం గాల్లోనే ఆగిపోయింది. ఏం తప్పు చేశానా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

తప్పేం చెయ్యలేదు. కర్ర చప్పుడు విని, దాని వెనకాలే అడుగు వేస్తోంది. ఎంత చురుగ్గా వేస్తోందంటే, చూసేవాళ్ళకు ఆ వెనకబాటు కనపడదు. తాళం మాత్రం పాప లోపల లేదు, నా చేతిలో ఉంది. నాలుగైదు పాటలు వచ్చిన పిల్ల పరిస్థితి ఇది.

సరేనని కూర్చోబెట్టి ఆది తాళం చేత్తో వేయించాను. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. నోటితో త-క-ధి-మి, నాలుగక్షరాలు. మొదటి కాలంలో ఒక్కోదానికి ఒక అక్షరం చొప్పున ఈ ఎనిమిదికి తకధిమి రెండుసార్లు పడుతుంది, రెండో కాలంలో నాలుగుసార్లు, మూడో కాలంలో ఎనిమిదిసార్లు. చెయ్యి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంలో నడవాలి. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. నోరు వేగం పెంచగానే చెయ్యి కూడా దాని వెంట పరుగెడుతుంది. ఈ పాపకూ అదే అయింది. రెండో కాలం ఎత్తుకోగానే వేళ్ళు లెక్కపెట్టడం పోయి తొడ మీద గబగబా దెబ్బలే పడ్డాయి. దవడలు బిగిసిపోయాయి. కాసేపు చూస్తే అర్థమైంది, ఊపిరి కూడా బిగబట్టేసింది. మళ్ళీ వేయించాను, మళ్ళీ అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గుమ్మం దగ్గర వాళ్ళ అమ్మమ్మ కూర్చుని ఉంది. సిద్దిపేట వైపు ఊరు. అప్పటిదాకా మాట్లాడలేదు. "మేడం, గీ పిల్లకు బతుకమ్మ ఆడుడు మంచిగ వస్తది. మొన్న ఊర్ల పొద్దుగూకెదాక ఆడింది, ఒక్క చప్పట్ తప్పలే" అంది.

"అయితే మీరు పాట అందుకోండమ్మా" అన్నాను. ఆవిడ కూర్చున్నచోటనే ఎత్తుకుంది. పాప లేచి చున్నీ నడుముకు దోపుకుని మొదలుపెట్టింది. ముందుకు వంగి చప్పట్లు, కాలు పక్కకు, నడుము నిటారుగా, మళ్ళీ వంగి చప్పట్లు. భుజాలు వదులయ్యాయి, ఊపిరి ఆడుతోంది. ఒక చరణం మధ్యలో పాట ఆపమని అమ్మమ్మకు సైగ చేశాను. ఆవిడ ఆపేసింది. పాప ఆగలేదు. ఆ చరణం మిగతా భాగమంతా మాటల్లేకుండానే ఆడి, అందరూ కలిసి అందుకునే చోటుకు వచ్చేసరికి చప్పట్లు సరిగ్గా కొట్టింది. కర్ర ఆపితే ఆగిపోయిన పిల్లే ఇది, పాట ఆపినా ఆగలేదు!

ఆ రోజు ఇక కూచిపూడి అడుగు ముట్టుకోలేదు. బతుకమ్మ అడుగే వేయిస్తూ, దాని మీద నోటితో తకధిమి చెప్పించాను. కాలు మొదటి కాలంలోనే ఉంటుంది, నోరు మాత్రం రెండో కాలంలోకి వెళ్ళి రావాలి. అలా చేస్తే కాలు పరుగెత్తలేదు, ఎందుకంటే ఆ కాలికి దాని వేగం ముందే తెలుసు. దీపావళి వెళ్ళాక మూడో కాలం కూడా నిలబడింది. ఆ తర్వాతే అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, కూర్చోబెట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన శాస్త్రీయ నృత్యం టీచర్లలో చాలామందికి బతుకమ్మ, కోలాటం అంటే చిన్నచూపు. అవి డాన్సే కాదన్నట్టు మాట్లాడతారు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసైన్యానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు శాస్త్రంలో చెప్పిన మార్గ నృత్యానికి, మిగతా నాలుగు దేశి నృత్యాలకు. సగం పుస్తకం జనం ఆడుకునే ఆటలకిచ్చాడు. ఆయనకు లేని చిన్నచూపు మనకెందుకు? పిల్ల ఊళ్ళో ఏం ఆడిందో అడగకుండా "లయ లేదు" అనడం నాకు నచ్చదు. మీ టీచర్ "ఇంకా కుదరలేదు" అన్నారు, అది వేరు. ఆ "ఇంకా" అనే మాట ఉన్నంతవరకు నమ్మండి.

ఇక అడుగులే ఎందుకు అంటారా. ఈరోజు హైదరాబాద్‌లో చాలా క్లాసుల్లో నడిచే అడుగుల వరుస, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారు క్రమంలో పెట్టిన పాఠం నుంచి వచ్చిందే. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో దాదాపు 2,800 మంది ఒకే తిల్లానాకు (లయ ప్రధానంగా సాగే నృత్తానికి) కలిసి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. వేరువేరు ఊళ్ళ నుంచి, వేరువేరు గురువుల దగ్గర నుంచి వచ్చినవాళ్ళు. అడుగు అందరికీ ఒకటే కాబట్టి కలిసింది. పాటలు మాత్రమే నేర్చినవాళ్ళను అలా నిలబెట్టి చూడండి, పది మంది కూడా కలవరు.

అడుగులో నేను ముందు చూసేది కాలు ఎప్పుడు లేచింది అన్నది. నేల మీద ఎప్పుడు పడిందో అందరూ చూస్తారు. లేవడం ఆలస్యమైతే పడటం ఆలస్యమవుతుంది, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పిల్ల విసురుగా కొడుతుంది. రెండోది చప్పుడు. పాదం మొత్తం ఒకేసారి నేలకు తగిలితే ఒకే చప్పుడు వస్తుంది. వేళ్ళు ముందు, మడమ తర్వాత తగిలితే సన్నగా రెండు వినపడతాయి. మీరు ఇంట్లో కళ్ళు మూసుకుని వినండి, మీకే తెలిసిపోతుంది. మూడోది, అరమండిలో ఉన్న పిల్ల ప్రతి అడుగుకూ పైకి లేస్తోందా అన్నది. లేచి మళ్ళీ కూర్చునేలోపు తాళం వెళ్ళిపోతుంది. పొట్టి గోడ పక్కన వేయిస్తే తల ఎంత ఎగురుతోందో కనపడుతుంది.

అందుకే చిన్నపిల్లలకు తొందరపడి గజ్జెలు కట్టొద్దంటాను. అన్ని మువ్వలు ఒక్కసారి మోగితే ఆ రెండు చప్పుళ్ళూ కలిసిపోతాయి. తల్లిదండ్రులేమో గజ్జెలు ఎప్పుడు, పళ్ళెం మీదకు ఎప్పుడు ఎక్కిస్తారు, రవీంద్రభారతిలో ఎప్పుడు చేస్తుంది అని అడుగుతారు. ఇత్తడి పళ్ళెం అంచులను కాలివేళ్ళతో పట్టుకుని, ఒళ్ళు బరువుతో పళ్ళేన్ని ముందుకు నడుపుతూ జతికి (తకధిమి లాంటి లయ అక్షరాల వరుసకు) తగ్గట్టు కదలడం అంటే మాటలా? నేల మీదే తాళం నిలవని పిల్లను పళ్ళెం ఎక్కిస్తే మోకాళ్ళే పోతాయి.

మోకాళ్ళు అంటే గుర్తొచ్చింది. మీ పాప ఇంట్లో ఎక్కడ సాధన చేస్తోంది? హాల్లో టైల్స్ మీదేనా? కాంక్రీటు శ్లాబు మీద పరిచిన టైల్స్ ఏమాత్రం లొంగవు, కొట్టిన దెబ్బంతా కాలికే తిరిగొస్తుంది. మోకాలి కింద, ముందువైపు ఎముక నొప్పి అంటోందంటే కొన్నాళ్ళు గట్టిగా కొట్టొద్దని చెప్పండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. ఇన్ని కోట్లు పోసి కడుతున్న గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లలో పిల్లల డాన్స్ కోసం ఒక్క గదికి చెక్క నేల వేయించరు. జిమ్‌కు మాత్రం రబ్బరు నేల వేయిస్తారు.

రికార్డు చేసిన పాటల మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. ట్రాక్ పెట్టి నేర్చుకున్న పిల్లలు లెక్కతో నేర్చుకోరు, గుర్తులతో నేర్చుకుంటారు. వేణువు వినపడగానే తిరగాలి, మృదంగం ఆగగానే కూర్చోవాలి, అంతే. కాలనీ ప్రోగ్రాముల్లో స్పీకర్లన్నీ జనం వైపు తిప్పి పెడతారు, స్టేజీ మీద పిల్లలకు సరిగ్గా వినపడదు. ఆ వేణువు వినపడలేదంటే పిల్ల ఆగిపోయినట్టే. నట్టువాంగం పట్టిన మనిషి, అంటే చేతితాళాలు వేస్తూ జతులు చెప్పే మనిషి, పక్కన కూర్చుంటే పిల్ల ఊపిరి చూసి ఒక రవ్వ నెమ్మదిస్తారు, ట్రాక్‌కు ఆ కనికరం ఉండదు. ప్రతిసారీ ఆర్కెస్ట్రా పెట్టుకోవడం అందరి వల్లా కాదు, తెలుసు. కనీసం క్లాసులోనైనా కర్రతో, నోటితో నేర్పాలి. స్టేజీ వైపు ఒక్క చిన్న స్పీకరైనా తిప్పమని నిర్వాహకులను అడగాలి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఉంది. సాయంత్రం కాసేపు పాపను కూర్చోబెట్టి ఆది తాళం వేయించండి, తకధిమి మీరు చెప్పండి. తర్వాత తాళం మీరు వేయండి, పాప చెబుతుంది. మధ్యలో ఒక ఆవర్తనం ఇద్దరూ నోరు మూసుకుని, మళ్ళీ మొదటి దెబ్బకు కలవాలి. కలిస్తే ఆ రోజుకు చాలు. అది బాగా వచ్చాక మూడక్షరాల తకిట ఎత్తుకోండి. ఎనిమిదికి మూడు సరిపోదు కదా, మూడు ఆవర్తనాలు తిరిగితేగానీ తకిట మొదటి దెబ్బకు తిరిగి రాదు. వచ్చిన రోజు పాప ముఖం చూడండి. మెట్లెక్కేటప్పుడు, స్కూల్ బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా చెప్పించొచ్చు. డబ్బు ఖర్చు లేదు.

ఇక టీచర్ సంగతి. ఒకరోజు క్లాసులో కూర్చుని రెండు చూడండి. పిల్లలతో నోటితో జతులు చెప్పిస్తున్నారా? ఒక్కొక్కరి చేత విడిగా వేయించి, వాళ్ళ పాదాల వైపు చూస్తున్నారా? ఈ రెండూ ఉంటే ఇంకో ఏడాది అడుగులే వేయించినా ఉండనివ్వండి. కర్ర ఒక పెద్దపిల్ల చేతికిచ్చి టీచర్ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంటే మాత్రం మార్చేయండి. అప్పుడు కూడా కొత్త టీచర్ మళ్ళీ మొదటి అడుగు నుంచి మొదలుపెడతారు, దానికి అభ్యంతరం చెప్పకండి.