ముస్లిం దేశాల్లో ఆడపిల్లలు చదువులో వెనకబడి ఉంటారా?

అఫ్గానిస్తాన్ వార్తలు చూసి అడిగినట్టున్నారు. అక్కడ 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడే లేదు. కానీ ఆ ఒక్క దేశాన్ని చూపించి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? నేనూ మా ఆవిడా ఒమాన్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్పాం. నాది అబ్బాయిల సెక్షన్, తనది అమ్మాయిలది. అక్కడ వెనకబడింది మా అబ్బాయిలే.

తొమ్మిదో తరగతి టర్మ్ పరీక్షకు రెండు సెక్షన్లకూ ఒకటే పేపరు. రాత్రి భోజనాలయ్యాక బల్లకి అటు ఆవిడ, ఇటు నేను కూర్చుని దిద్దుతున్నాం. ఆవిడ కట్టలో స్కేలు పెట్టి కొట్టిన మార్జిన్లు, స్టెప్పు కింద స్టెప్పు. నా కట్టలో ఒకడిని వృత్తానికి స్పర్శరేఖ గీయమంటే, ఆ వృత్తాన్నే చక్రం చేసి పైన ల్యాండ్ క్రూజర్ గీసేశాడు. హెడ్‌లైట్లు, యాంటెనాతో సహా! మర్నాడు పిలిచి అడిగితే ఏమాత్రం బెరుకు లేకుండా నవ్వాడు. "టీచర్, నేను ఆర్మీలో చేరతాను. అక్కడ ఇవి అడగరు." అదే వారం ఒకమ్మాయి అర మార్కు కోసం మా ఆవిడతో ఇంటర్వెల్ అంతా వాదించి, సాధించుకునే వెళ్లింది.

మా స్కూలు సంగతి పక్కన పెట్టండి. చాలా దేశాల పిల్లలకు లెక్కలు, సైన్సుల్లో పెట్టే అంతర్జాతీయ పరీక్ష టిమ్స్. 2011లో దాంట్లో ఒమాన్ ఎనిమిదో తరగతి అమ్మాయిలకు లెక్కల్లో సగటున 397, అబ్బాయిలకు 334. 1970లో దేశం మొత్తం మీద మూడే బడులు, అవీ మగపిల్లలకే. నలభై ఏళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చారో చూడండి! జోర్డాన్‌లోనూ అంతే, పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అలాంటిదే ఇంకో అంతర్జాతీయ పరీక్ష పీసాలో 2015లో సైన్సులో అమ్మాయిలు 39 పాయింట్లు ముందున్నారు.

నన్నడిగితే తెలివితేటల్లో తేడా ఏమీ లేదు. మగపిల్లాడికి పోలీసో, ఆర్మీయో, ప్రభుత్వాఫీసో ఎదురుచూస్తోందని ఇంట్లో అందరి ధీమా. సాయంత్రమైతే ఫుట్‌బాల్, ఆపైన అన్నయ్య కారులో షికారు. ఆడపిల్లకు బయట తిరిగే వీలు తక్కువ, మార్కులొస్తేనే కాలేజీ గడప తొక్కనిస్తారు. ఇక చదవక ఏం చేస్తుంది? పైగా అబ్బాయిల సెక్షన్లో టీచర్లు ఏడాదికొకరు మారిపోతారు. జీతాలు అలా ఇస్తే ఎవరుంటారు లెండి, ఆ గొడవ రాస్తే ఇంకో సమాధానమవుతుంది.

సెలవులకి ఊరొస్తే మా బాబాయి ఏటా అదే ప్రశ్న: "అక్కడ ఆడపిల్లల్ని చదవనిస్తారా?" చేతిలో పేపరు, అందులో ఇంటర్ ఫలితాలు, "బాలికలదే పైచేయి" అని పెద్ద హెడ్డింగు. ఆ హెడ్డింగే అక్కడా వేయొచ్చు బాబాయ్ అంటే నమ్మడు.

అసలు అడగాల్సింది చదువయ్యాక సంగతి. ఇన్ని మార్కులు తెచ్చుకున్న జోర్డాన్‌లో ఉద్యోగం చేసేవాళ్లు, వెతుక్కునేవాళ్లు కలిపినా వందమంది ఆడవాళ్లలో పదిహేను మంది దాకానే. మా ల్యాండ్ క్రూజర్ బాబుకి మాత్రం ఉద్యోగం వచ్చే ఉంటుంది.