ముందు డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టు

గరివిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టెక్కలి గ్రానైట్ క్వారీ కూలీలకి వీఆర్‌లో, అదే కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని చూసే బొమ్మలో, భద్రతా శిక్షణ తయారుచేసే పని నీకొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 1892 నుంచీ మాంగనీసు తవ్వుతున్న జిల్లాలో ముప్పై ఏళ్లు కూలీల పని, భద్రతా చూసే మైనింగ్ మేట్‌గా తిరిగినవాణ్ని, నా మాటా కాస్త విను.

మీవాళ్లు ముందు బ్లాస్టింగే చూపిద్దామంటారు. చూడ్డానికి బావుంటుంది మరి! నువ్వు రాళ్లు మోసే పెద్ద లారీ, డంపర్‌తో మొదలెట్టు. కూలీని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వెనక టైరు పక్కన ఓ మనిషిని నిలబెట్టు. అద్దాల్లో వెతుక్కోనీ, కనపడడు. తర్వాత కూలీని దింపి సరిగ్గా ఆ చోటే నిలబెట్టి, బండిని వెనక్కి రానీ. నిజం క్వారీలో ఇది చేయించలేం. ఓసారి నేనూ అలాగే డంపర్ వెనక బీడీ ముట్టించుకుంటూ నిలబడ్డాను. హారన్ వినిపించింది, డ్రైవర్ నన్ను చూసే కొట్టాడనుకున్నాను. డ్రిల్లింగ్ కుర్రాడు చొక్కా పట్టి లాగాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాపం, ఆ డ్రైవర్‌కి సాయంత్రం టీ దగ్గర చెబితేగానీ తెలీలేదు.

రెండోది, పేలని మందు మిగిలిన పాత కన్నంలో మళ్లీ డ్రిల్లు దించడం. తప్పు చెయ్యనీ, నెత్తురు మాత్రం చూపించకు. బొమ్మ ఆపి, అక్కడెందుకు పెట్టావని అడుగు. వాడు చెప్పే కారణమే నీ రీసెర్చికి పనికొచ్చేది.

గొంతు టీవీ తెలుగులో వద్దు. "ప్రమాద ప్రాంతం నుండి వైదొలగండి" అంటే నవ్వుతారు. "ఒరే, ఎనక్కొచ్చీరా!" అంటే కదుల్తారు. ఒడియాలోనూ చెప్పించు.

బొమ్మ కదుల్తూ ఒళ్లు కదలకపోతే కళ్లు తిరుగుతాయి. కూర్చోబెట్టి, పది నిమిషాలకి మించకుండా చూడు. ఒకరి చెమట ఇంకొకరికి అంటకుండా తుడుస్తుండు.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో, పనివాళ్ల భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు గని రక్షణ దళాలకి వీఆర్ శిక్షణ కట్టారు. చూడు, కానీ ఉన్నదున్నట్టు దింపీకు. అది భూగర్భం, మనది ఆకాశం కనిపించే క్వారీ. గని కూలీలకి రూల్స్ ప్రకారం ఇచ్చే వొకేషనల్ ట్రైనింగ్ ఎలాగూ ఇవ్వాలి, దీన్ని దానికి బదులు చెయ్యకు. ఆ రోజే పరీక్ష పెట్టి మార్కులు చూసుకుని మురిసిపోకు. నెల తర్వాత చెప్పకుండా క్వారీకి పోయి, వాడు డంపరొస్తే ఎక్కడ నిలబడుతున్నాడో చూడు. పాత శిక్షణే తీసుకున్న ఇంకో బ్యాచ్‌నీ అలాగే చూడు.

దసరాకి వచ్చినప్పుడు ఆ హెడ్‌సెట్ తెచ్చి నాకు పెట్టు. కళ్లు తిరుగుతాయని మీ అత్త వద్దంటుందిలే. ఇన్నేళ్లలో డంపర్ సీట్లో నేనొక్కసారీ కూర్చోలేదు.

మీ మావయ్య