బాప్తిస్మం తీసుకోకపోతే నిత్యజీవం లేనట్టేనా? ఒంగోలు వైపు నుంచి నా జవాబు

కావలి నుంచి ఒకావిడ అడిగారు: "మాది హిందూ కుటుంబం. క్రైస్తవుల ఇంట్లో సంబంధం కుదిరింది. బాప్తిస్మం తీసుకోకుండా రక్షణ లేదని వాళ్ళ పెదనాన్న గారు అంటున్నారు. అబ్బాయేమో యేసును నమ్మితే చాలంటున్నాడు. అసలు నిత్యజీవానికి ఏమేం కావాలని క్రైస్తవం చెబుతుంది?"

అమ్మా, అబ్బాయి చెప్పింది మా వైపు ఎక్కువ సంఘాలు చెప్పే మాటే. అలాగని పెదనాన్న గారి మాటకూ ఆధారం లేకపోలేదు. మాది ఒంగోలు, తాతల నాటి నుంచీ బాప్టిస్టులం, అంటే నమ్మినవాళ్ళకే నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. నా భార్య పుట్టిల్లు నెల్లూరు, వాళ్ళు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులు. పెళ్లప్పుడు ఆమెకు మళ్ళీ ముంచి బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అని రెండు కుటుంబాలూ పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. నేను పాస్టర్‌ని కాదు, సండే స్కూల్లో పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మేరకే చెబుతాను.

మీ ప్రశ్నే ఫిలిప్పీలో ఒక చెరసాల నాయకుడు అడిగాడు. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అని యేసు గురించి ప్రకటిస్తూ ఆ చెరసాల పాలైన పౌలు, సీలలు జవాబిచ్చారు (అపొస్తలుల కార్యములు 16). రక్షణ దేవుడు ఊరికే ఇచ్చేది, మనం సంపాదించేది కాదు అని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. మనిషి వైపు నుంచి కావలసినవి మారుమనస్సు, విశ్వాసం. పాపాన్ని ఒప్పుకుని దాని నుంచి వెనుదిరగడం, తన పాపం కోసం యేసు చనిపోయి లేచాడని నమ్మి ఆయన్ను ప్రభువుగా ఒప్పుకోవడం. ఇంతవరకూ అందరిదీ ఒకే మాట.

ఆర్.సి.ఎం. వాళ్ళు మంచి పనులతో పరలోకం దొరుకుతుందంటారని మా సంఘాల్లో తరచూ అంటుంటారు. అది వాళ్ళ మీద వేసిన నింద. క్రీస్తు కృప లేకుండా తన క్రియల వల్ల ఎవడూ నీతిమంతుడు కాలేడని 1547లో వాళ్ళ ట్రెంట్ మహాసభే తీర్మానించింది. అసలు తేడా వేరేచోట ఉంది. ఆ కృప జ్ఞానస్నానంతో (బాప్తిస్మానికి వాళ్ళ మాట) మొదలవుతుందనీ, చావైన పాపం (తెలిసి చేసే ఘోర పాపం) చేస్తే పోతుందనీ, పాపసంకీర్తనంతో (గురువు దగ్గర పాపం ఒప్పుకోవడంతో) తిరిగి వస్తుందనీ వాళ్ళు నమ్ముతారు. మేము విశ్వాసం ఒక్కటే చాలు, మంచి పనులు దాని ఫలాలు అంటాం. ఈ విషయంలోనే 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) కాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు కూడా చేశారు. ఆ సంగతి మా అత్తగారికీ తెలియదు, మా నాన్నకీ తెలియదు. పండక్కి కలిస్తే పాత వాదనే.

ఇక బాప్తిస్మం. చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ళు పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం అంటారు. "నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడును" అనే మార్కు 16:16, పేతురు మాటగా ఉన్న అపొస్తలుల కార్యములు 2:38 చూపిస్తారు. అబ్బాయి పెదనాన్న గారు బహుశా ఆ సంఘమే అయివుంటారు. మేము యేసు పక్కనే సిలువ వేయబడి, ఆయన్ను నమ్మిన దొంగను చూపిస్తాం. వాడికి ఏ నీళ్ళూ లేవు, అయినా ఆ రోజే పరదైసులో (పరలోకంలో) ఉంటావన్న యేసు మాట దొరికింది. వాళ్ళ దగ్గర దానికీ జవాబుంది: యేసు ఆ ఆజ్ఞ ఇవ్వకముందే దొంగ చనిపోయాడు, కనుక అతన్ని మనకు లెక్కగా తీసుకోకూడదు అని. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదది.

నన్ను ఒక వైపుకు మొగ్గేలా చేసింది మాత్రం మా ఊరి చరిత్రే. పెద్దలు ధాత కరువు అనే 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వందల మంది అడిగారు. గంజి కోసం వస్తున్నారేమోనని ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు పని ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆకలికీ కలరాకూ జనం రాలిపోతున్న రోజులవి. నీళ్ళలో మునగకపోతే నరకమే అని ఆయన నమ్మివుంటే అన్నాళ్ళు ఆపగలిగేవాడా? బాప్తిస్మం విశ్వాసికి ఆజ్ఞ, రక్షణకు షరతు కాదు అన్న నమ్మకం ఉన్నవాడే అలా ఆపగలడు.

మా బాబాయి సంగతీ అలాంటిదే. తాగి తాగి లివర్ పోయింది. ఆసుపత్రి మంచం మీద పాస్టర్ గారి చేయి పట్టుకుని ఏడ్చి ప్రార్థన చేశాడు. తొట్టిలోనైనా ముంచండని ఒక బంధువు పట్టుబట్టాడు, డాక్టర్ ఒప్పుకోలేదు. పాస్టర్ గారు ఆ సిలువ మీది దొంగ సంగతి ఉన్న లూకా 23 చదివారు. ఆ వారంలోనే పోయాడు. బాబాయి రక్షణ పొందాడనే మా ఇంట్లో అందరమూ నమ్ముతాం, జ్ఞానస్నానం తప్పనిసరి అనే మా అత్తగారితో సహా. వీలు లేనివాడికి దాని మీద ఉన్న కోరికే సరిపోతుందని వాళ్ళ సంఘమూ చెబుతుంది.

కానీ ఇది చావబోయేవాడి సంగతి. ఆరోగ్యంగా ఉండి, నమ్మానంటూనే ఎప్పటికీ వాయిదా వేసేవాళ్ళు మా వైపు చాలామంది. కొందరికి కారణం సర్టిఫికెట్: ఎస్సీల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. అయినా నోటితో ఒప్పుకోవాలన్న రోమా 10:9 మాట, క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు మాట వాళ్ళను వదలవు. సంఘానికి దశమభాగం (ఆదాయంలో పదో వంతు) ఇవ్వకపోతే పరలోకం పోతుందని ఎవరైనా అంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ పెళ్లి సంగతికొస్తే, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. సంఘం నియమం వేరుగా ఉండొచ్చు కాబట్టి వాళ్ళ పాస్టర్ గారినే అడగండి: "నాకు ఇంకా నమ్మకం కుదరలేదు, అయినా పెళ్లి కోసం బాప్తిస్మం ఇస్తారా?" అని. ఇస్తామంటే నాకైతే ఆ సంఘం మీద అనుమానమే. ముందు లూకా సువార్త చదువు తల్లీ, తొందరేమీ లేదు అన్నారంటే, పెళ్లయ్యాక కూడా ఆయన దగ్గర కూర్చుని అడగదలచుకున్నవన్నీ అడగండి.