పోనీకి వచ్చింది కీళ్లవాతం కాదు, గిట్టల జబ్బు

ప్రశ్న: మా ఆశ్రయంలో కాపాడి తెచ్చిన పోనీలు ఆరు, గుర్రాలు మూడు ఉన్నాయి. అందులో ఎముకల గూడులా వచ్చిన ఒక పోనీ ఎనిమిది నెలల్లో బాగా ఒళ్లు చేసింది. నిన్నటి నుంచి ముందుకాళ్లు చాచి, వెనక్కి ఒరిగి నిలబడుతోంది. మలుపు తిరగలేకపోతోంది. కీళ్లవాతమనుకుని కాల్షియం టానిక్ పోస్తున్నాం. కీళ్లు వదులవుతాయని నడిపిస్తున్నాం. మందుల షాపులో ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. ఇంకేం వాడాలి?

జవాబు: ముందు నడిపించడం ఆపండి. మీరు చెప్పిన నిలబడే తీరు లామినైటిస్‌ది. గిట్ట లోపలి ఎముకను గోడకు పట్టి ఉంచే పొర వాచి, ఊడిపోతుంది. మీరు వేయించే ప్రతి అడుగుతో ఎముక ఇంకాస్త కిందికి జారే ప్రమాదం ఉంది.

ఈరోజే పశువైద్యుణ్ని పిలిపించండి. ఎముక ఎంత జారిందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఆయన వచ్చేలోగా కనీసం 15 సెంటీమీటర్ల మందాన రంపపు పొట్టు పరిచి, పోనీని అందులోనే ఉంచండి. గిట్టల నుంచి మడమ కీలు పైదాకా ఐసు నీళ్లలో ఉంచండి. ఇది మొదటి 48 నుంచి 72 గంటల్లోనే పనికొస్తుంది. నొప్పికి ఫినైల్‌బ్యూటజోన్ కిలో బరువుకు 2.2 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. దానికి తోడు ఇంకో నొప్పి మందు కలపొద్దు, కడుపులో పుళ్లు పడతాయి.

షాపులో ఇచ్చిన ఇంజెక్షన్ సీసా పారేయకండి, డాక్టరుకు చూపించండి. అది స్టెరాయిడ్ అయితే ఈ జబ్బును రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. జంతువును చూడకుండా సూది మందు అమ్మేవాళ్ల సలహా ఇకనైనా వినొద్దు. కాల్షియం టానిక్‌తో ఈ జబ్బుకు పనే లేదు.

అసలు కారణం మేతే అనుకుంటున్నాను. ఆకలితో అలమటించిన ప్రాణి కదా అని జాలితో పెడుతూనే ఉంటాం. సందర్శకులు రొట్టెలు, క్యారెట్లు తెస్తారు. పోనీలు తక్కువ మేతతో బతికే జాతి, వాటికి ఆ జాలే విషం. కంటితో చూసి 'ఇప్పుడు బాగుంది' అనుకోవడం మానేసి టేపు పట్టుకోండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,900తో భాగించండి. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలత 140, పొడవు 130 అయితే బరువు 214 కిలోలు. ఉండాల్సిన బరువులో రోజుకు 1.5 శాతం ఎండుగడ్డి చాలు. 200 కిలోలు ఉండాల్సిన పోనీకి 3 కిలోలు. దాన్ని గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి నాలుగైదు సార్లుగా వేయండి. గింజలు, తౌడు, పచ్చిక పూర్తిగా బంద్.

అలాగని పస్తులు పెట్టొద్దు. లావు పోనీ కడుపు మాడిస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం పోవచ్చు.

పోనీకి 15 ఏళ్లు దాటి, వెంట్రుకలు పొడుగ్గా, రాలకుండా ఉంటే రక్తంలో ఏసీటీహెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్) పరీక్ష అడగండి. కుషింగ్స్ (ఆ గ్రంథి అదుపు తప్పే జబ్బు, లామినైటిస్‌కు అదీ ఒక కారణం) అని తేలితే మందు రోజూ జీవితాంతం వాడాలి.

నొప్పి మందు ఆపాక మామూలుగా నడిచినా, మరో 30 రోజులు బయటికి వదలకండి. గిట్టలు ప్రతి 6 వారాలకోసారి చెక్కించండి. మిగతా ఐదు పోనీలనూ ఈ వారంలోనే కొలవండి. పక్కటెముకలు చేతికి తగలకపోయినా, మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిగా పేరుకున్నా, వాటి మేత కూడా ఇవాళే తగ్గించండి.