ఎకరం వంద కోట్లైతే ఫ్లాటు నలభై లక్షలకు వస్తుందా?

ప్రశ్న: మాది బోడుప్పల్. నేను మందుల హోల్‌సేల్ షాపులో పనిచేస్తాను, మా ఆవిడ బట్టలు కుడుతుంది. నలభై లక్షలు దాటితే మా వల్ల కాదు. ఎటు చూసినా టవర్లు లేస్తున్నాయి, మరి రేట్లు ఎందుకు దిగవు సార్? తెల్లాపూర్ వైపు ఒకాయన ప్రీ లాంచ్‌లో, అంటే ఇంకా పర్మిషన్లు రాకముందే, సగం రేటుకే ఫ్లాటు ఇస్తానంటున్నాడు, కానీ డబ్బంతా ఒకేసారి కట్టాలట. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు టవర్ల సంగతి. టౌన్ ప్లానింగ్‌లో రిటైరైనవాణ్ణి కదా, అడిగితే ఆగను.

2006లో వచ్చిన 86వ నంబరు జీవోతో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలనే హద్దు, తీసేశారు. ముంబైలో స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలని లెక్క ఉంటుంది. ఇక్కడ రోడ్డు వెడల్పుంటే, సెట్‌బ్యాకులు, అంటే చుట్టూ ఖాళీ, వదిలితే పైకి వెళ్ళిపోవచ్చు. అంతస్తులు పెరిగితే ఫ్లాట్లు చవకవుతాయని అప్పట్లో మేమూ అనుకున్నాం. అంతస్తులకు హద్దు లేదని తెలిశాక స్థలం అమ్మేవాడు ఊరుకుంటాడా? ఆ లాభమంతా ముందే భూమి ధరలో కలిపేశాడు.

ఆ అమ్మేవాళ్ళలో ప్రభుత్వమూ ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేసిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల పైమాటే. అక్కడ ఇటుక కూడా పెట్టకముందే మీ నలభై లక్షలు ఇరవై గజాలకు కూడా చాలవు. నగర ప్రణాళిక గీయాల్సిన సంస్థే ఎక్కువ ధర వస్తే సంబరపడుతుంటే చవక ఇళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు?

పేదలకు డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టారు, నిజమే. కొల్లూరులో ఒక్కచోటే 15,660. ఒక్కోటి 560 చదరపు అడుగులు, ఉచితం. కానీ మలక్‌పేటలో ఇళ్ళల్లో పనిచేసే మనిషికి కొల్లూరులో ఇల్లొస్తే బస్సుల్లోనే సగం రోజు పోతుంది. మీలాంటి వాళ్ళకు అదీ రాదు, టవరూ అందదు.

నన్నడిగితే ఈ ఊళ్ళో మధ్యతరగతికి ఇళ్ళిచ్చింది అరవై, వంద గజాల బిట్లే. కింద ఓనరు, పైన అద్దెకు రెండు పోర్షన్లు. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలో నాకు నచ్చింది ఇదే: 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చేసి ఒక్క రూపాయి కడితే చాలు. మా రోజుల్లో ఆ మాత్రం ఇంటికి ఎన్ని చేతులు తడపాలో నేను చెబితే బాగుండదు. మీరూ ఘట్‌కేసర్ వైపు అలాంటి బిట్టు వెతకండి. లేఅవుట్‌కు అనుమతైనా ఉండాలి, అనుమతి లేని ప్లాటును క్రమబద్ధం చేసిన ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగైనా ఉండాలి.

ఇక మీ తెల్లాపూర్ ఆయన. ప్రీ లాంచ్‌లో చాలాచోట్ల రాసిచ్చేది ఫ్లాటు కాదు, యూడీఎస్, అంటే భూమిలో విడదీయని వాటా. పర్మిషన్ రాకపోతే మీకు మిగిలేది అదే. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, అగ్రిమెంట్ రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఆయన మీ దగ్గర మొత్తం అడుగుతున్నాడు. రెరా నంబరు అడగండి. 'ప్రాసెస్‌లో ఉంది సార్' అంటే ఇచ్చిన టీ తాగి ఇంటికి వచ్చేయండి.