గుండె ఆపరేషన్ తర్వాత డయాలసిస్: పొలం ఇప్పుడే అమ్మాలా?

ప్రశ్న: మాది కోడుమూరు. నేను కర్నూలులో ప్రైవేటు ఉద్యోగిని. మా నాన్నగారికి 71 ఏళ్లు, షుగరు ఉంది. ఐదు వారాల క్రితం బైపాస్ జరిగాక కిడ్నీలు దెబ్బతిని, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఆయన పేరిట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 14 నెలల క్రితం వేసిన ₹6 లక్షలు, రెండెకరాల పొలం ఉన్నాయి. అమ్మానాన్నల బియ్యం కార్డు విడిగా ఉంది. పొలం అమ్మేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పొలం ఇప్పుడు అమ్మకండి. గుండె ఆపరేషన్ సమయంలో కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గి, దానికి వయసు, షుగరు తోడై కలిగే ఈ దెబ్బ అందరిలోనూ శాశ్వతం కాదు; కొందరికి కొన్ని వారాల్లోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) దిగి డయాలసిస్ ఆగిపోతుంది. మూడు నెలలు దాటినా కోలుకోనప్పుడే వైద్యులు దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు. అంటే మీకు ఇంకా దాదాపు ఎనిమిది వారాల వ్యవధి ఉంది. ఖర్చు కొద్ది నెలలదా, జీవితాంతానిదా అన్నది తేలకముందే, మీ అవసరం చూసి అడిగే ధరకు పొలం ఇచ్చేస్తే మళ్లీ కొనలేరు.

బియ్యం కార్డు ఉంది కనుక రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్‌కు మీరు డబ్బు కట్టనక్కర్లేదు. ఇప్పటికీ చేతి డబ్బు కడుతుంటే, కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ పథకం వర్తించే ప్రైవేటు ఆసుపత్రిలో గానీ ఈ వారమే ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఉద్యోగిని) కలవండి. అయితే ఇంటిని కుంగదీసేది ఆ బిల్లు ఒక్కటే కాదు. వారానికి మూడంటే నెలకు పదమూడుసార్లు కోడుమూరు నుంచి రానూపోనూ బండి ఖర్చు, వెంట వచ్చేవారి పోయిన కూలి, బయటి తిండి, పథకంలోకి రాని మందులు, ఇవే మెల్లగా అప్పుగా మారతాయి. మీ ప్రశ్నలో వీటి ప్రస్తావన లేదు. నాలుగు వారాలు నోటుపుస్తకంలో రాసి చూడండి. ఈ రెండు నెలలూ అమ్మానాన్నలను కర్నూలులో మీ దగ్గరే ఉంచుకోగలిగితే ఇందులో పెద్ద భాగం తగ్గుతుంది.

పోస్టాఫీసు డబ్బునూ వీలైనంతవరకు కదిలించకండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు ₹12,300 వడ్డీ వస్తున్నది. ఇప్పుడు మూసేస్తే అసలులో 1.5 శాతం, అంటే ₹9,000 కోత పడుతుంది. తక్షణ అవసరానికి బ్యాంకులో బంగారం కుదువ పెట్టండి. అక్కడ వడ్డీ సాధారణంగా నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది. బంగారం లేకపోతే, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవడం కంటే ఆ కోతను భరించడమే మేలు.

మూడు నెలల తర్వాతా డయాలసిస్ తప్పదని తేలితే, వృద్ధాప్య పింఛను ₹4,000 స్థానంలో డయాలసిస్ రోగులకిచ్చే నెలకు ₹10,000 పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు చేయండి. నాన్నగారు మీపై ఆధారపడినవారై, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, కిడ్నీ నిపుణుడి పత్రంతో, తీవ్ర జబ్బుల వైద్యానికి (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80డీడీబీ) ఏడాదికి ₹1 లక్ష వరకు, మీరు నిజంగా పెట్టిన ఖర్చుకు పన్ను లెక్కించే ఆదాయంలో మినహాయింపు ఉంది. అప్పటికీ లోటుంటే ముందు పొలాన్ని కౌలుకివ్వండి. ఈలోగా ఖాతాకు నామినీ ఉన్నారో లేదో చూసి, నాన్నగారు స్థిమితంగా ఉన్న రోజున, డయాలసిస్ లేని పూట, ఆయన పక్కన కూర్చుని పొలం గురించి ఆయన మాట అడగండి.