ముసురులో పొదల గుండా నడవడానికి గొంగడి పనికొస్తుందా?

వానాకాలంలో అనంతగిరి గుట్టల్లో నడుస్తుంటే రెయిన్‌కోట్ వేసుకున్నా లోపలంతా తడిసిపోతోందని, గొర్లకాపరులు కప్పుకునే ఉన్ని గొంగడి అంతకన్నా మేలా అని అడిగారు. మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. వానాకాలమంతా మంద వెంట గుట్టలెక్కి దిగుతూ పెరిగాను. గొంగడి మేలేనండీ, అయితే అన్ని వానలకూ కాదు.

ముసురులో పైనుంచి పడే నీళ్లు తక్కువ. పొదల ఆకుల మీద నిలిచిన నీళ్లే నడుము దగ్గర, తొడల దగ్గర తగిలి తడిపేస్తాయి. రెయిన్‌కోట్ లోపల చెమట బయటికి పోలేక చొక్కాను తడిపేస్తుంది. దానికి తోడు పరికి ముళ్లు, రేగు కంపలు. పల్చటి కోటు ఒకచోట చిరిగితే ఇక అక్కడినుంచి చిరుగుతూనే ఉంటుంది. గొంగడికి ముల్లు పట్టుకుంటే అర అడుగు వెనక్కి వేస్తే చాలు, వదిలేస్తుంది. ఒకటి రెండు పోగులు లేస్తాయి, అంతే.

ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. తేమ పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. అందుకే కాపరి పొద్దంతా ముసురులో నిలబడినా వణకడు. పొదల్లో నడిచేవాళ్లు అసలు తడవకుండా ఉండటం కుదరని పని. తడిసినా చలి పట్టకుండా చూసుకోవాలి, గొంగడి చేసేది అదే.

కప్పుకోవడంలోనే ఉంది పనంతా. ఒక మూలను లోపలికి మడిచి తల మీద ముసుగులా వేసుకోండి. రెండు అంచులూ రొమ్ము మీద ఒకదానిమీద ఒకటి వచ్చేలా లాగి, నడుము దగ్గర తాడుతో కట్టండి, చేతులు ఖాళీగా ఉంటాయి. అంచు మోకాలు దాటకూడదు. దాటితే గడ్డిలో నీళ్లన్నీ తాగి కాళ్లకు చుట్టుకుంటుంది. కింద జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే ఆరదు, నడక బరువవుతుంది. మావాళ్లు పంచె మోకాళ్లపైకి ఎగగట్టేది ఇందుకే, పిక్కలు తడిసినా ఇట్టే ఆరిపోతాయి. ముళ్ల భయం ఉంటే పల్చటి పాలిస్టర్ ప్యాంటు వేసుకోండి.

కుండపోత వానకు గొంగడి ఆగదు. పొడిగా ఉన్నప్పుడే బరువు, నానితే మోయలేం. ఇప్పుడు మా ఊళ్లో కాపరులు గొంగడి మీద యూరియా బస్తా వేసుకుంటున్నారు. బస్తా అడుగున ఒక మూలను రెండో మూలలోకి నెడితే తలకూ భుజాలకూ సరిపడా ముసుగు తయారవుతుంది. పైన బస్తా, కింద గొంగడి: నా లెక్కలో ఇంతకు మించిన జోడీ లేదు. ఉరుములు మొదలైతే మాత్రం ఏది కప్పుకున్నా గుట్ట దిగిపోవాల్సిందే.

మేఘాలయలో ఖాసీలు వెదురుతో, ఆకులతో అల్లిన క్నూప్‌ను తల నుంచి వీపు దాకా వేసుకుంటారు. వంగి పొలం పని చేసేవాళ్లకు అది చాలా బాగుంటుంది, రెండు చేతులూ ఆడతాయి. ఉత్తరాంధ్రలో గిడుగు అనే తాటాకు గొడుగు కూడా పొలంలో మంచిదే. కానీ ఇరుకు పొదల్లో ఈ రెండూ కొమ్మలకు చిక్కుకుంటాయి.

కొనేటప్పుడు జాగ్రత్త. సంతల్లో గొంగడి పేరుతో సింథటిక్ దుప్పట్లు కూడా అమ్ముతున్నారు. ఒక పోగు లాగి అంటించి చూడండి. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. అసలు గొంగడికి దక్కనీ నల్ల గొర్రె ఉన్ని కావాలి. మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగాక ఆ ఉన్నీ తగ్గింది, నేసే కురుమ కుటుంబాలూ తగ్గాయి. నేసినవాళ్ల దగ్గరే కొనండి, ఎక్కువ బేరమాడకండి. ఆ పనిలో ఎంత కష్టముందో దగ్గరుండి చూశాను. చింతగింజల గంజి పెట్టడం వల్ల కొత్తది గరుకుగా, బిర్రుగా ఉంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది.

ఇంటికొచ్చాక పిండకండి, సాగిపోతుంది. దండెం మీద వెడల్పుగా పరిచి నీడలో ఆరనివ్వండి. అంటుకున్న ఉత్తరేణి గింజలను తడి మీద లాగితే పోగులు వస్తాయి, పూర్తిగా ఆరాక దులిపితే చాలావరకు రాలిపోతాయి. దాచేటప్పుడు మడతల్లో ఎండిన వేపాకు వేయండి, పురుగు పట్టదు.